దేదీప్య వచ్చినప్పుడల్లా నెట్ పోయేది

ఉమామహేశ్వరి దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు తూచేటప్పుడు కాటా మీద ఎవరి వేలైనా ఉందేమోనని వంగి చూస్తుంది. సత్యనారాయణ వ్రతం చేయించడానికి వచ్చిన పంతులుగారు మూడో కథలో సగం ఎగ్గొట్టారని పీటల మీద కూర్చునే పట్టేసింది. ఒక డాక్టర్ రాసిచ్చిన మందును ఇంకో డాక్టర్‌ని అడగందే మింగదు. ఆష్‌బర్న్‌లో ఆమెను ఎరిగినవాళ్లు "ఉమ కళ్లు కప్పడం మన వల్ల కాదులే" అని నవ్వుకుంటారు. ఆవిడ దాన్ని మెచ్చుకోలు కింద జమ కట్టుకుంటుంది.

కట్టుకోక ఏం చేస్తుంది? ఆ గుణమే ఆవిడకు ఇన్నాళ్లూ అన్నం పెట్టింది. గుంటూరులో ఎమ్‌సీఏ చదివి, కృష్ణమోహన్‌ని పెళ్లాడి, అతని వెంట ఈ దేశం వచ్చి, ఆ ఉద్యోగమూ ఈ ఉద్యోగమూ చేసి, చివరికి లినక్స్ సర్వర్లు చూసే పనిలో కుదురుకుంది. సర్వర్ పడిపోతే మిగతావాళ్లు కంగారు పడతారు. ఆవిడ అనుమానపడుతుంది. "చివరగా ఎవరేం మార్చారు?" అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. ఏమీ మార్చలేదని అందరూ ముక్తకంఠంతో అంటారు. ఆ మాటను ఆవిడ ఒక్కనాడూ నమ్మలేదు, నమ్మనందుకు ఒక్కనాడూ నష్టపోలేదు. ఆ నమ్మకపోవడమే ఇంట్లో ఏం చేసిపెట్టిందో వినండి.

పిల్లలిద్దరూ కాలేజీలకు వెళ్లిపోయాక టౌన్‌హౌస్ బేస్‌మెంట్ ఖాళీగా పడి ఉంది. గుడిలో పరిచయమైన రాధారాణి ఒకమ్మాయిని తీసుకొచ్చింది. పేరు దేదీప్య. వరంగల్ పిల్ల. ఇక్కడే ఎమ్ఎస్ అయిపోయింది, ఓపీటీ మీద ఉంది, ఉద్యోగం వెతుక్కుంటోంది. చదువు అయ్యాక పని చూసుకోవడానికి ఇచ్చే ఆ గడువు దాటితే పెట్టె సర్దుకుని ఇండియా వెళ్లాల్సిందే. దేదీప్య లోపలికి వస్తూనే చెప్పులు వరసగా పెట్టింది. "నమస్తే ఆంటీ" అంటూ వంగి కాళ్లకు దణ్ణం పెట్టబోయింది. ఈ రోజుల్లో ఇంత వినయమా, దీని వెనక ఏదో ఉండే ఉంటుందని ఉమామహేశ్వరికి అప్పుడే మనసులో ముల్లు దిగింది. అయినా రాధారాణి మాట కాదనలేక సరేనంది.

బేస్‌మెంట్‌కి వెనకవైపు విడిగా గుమ్మం ఉంది. అమ్మాయి ఆ గుమ్మంలోంచే వస్తుంది, పోతుంది. ఎప్పుడు వస్తుందో, ఎవరిని తెస్తుందో పైనున్న వాళ్లకు తెలియదు. వారం తిరక్కుండానే ఉమామహేశ్వరి ఒక కెమెరా తెప్పించింది. బ్యాటరీతో నడిచేది. ఎవరూ లేనప్పుడు నిద్రపోతుంది, గుమ్మం దగ్గర మనిషి కదిలితే లేచి వీడియో తీసి ఫోన్‌కి కబురు పంపుతుంది.

"పరాయి పిల్ల. కెమెరా పెడితే ఏం బాగుంటుంది ఉమా?" అన్నాడు కృష్ణమోహన్.

"పరాయి పిల్ల కాబట్టే పెట్టేది. రేపేదైనా అయితే వాళ్ల అమ్మానాన్నలకి సమాధానం ఎవరు చెప్తారండీ?"

ఆయన నిచ్చెన ఎక్కి కెమెరా బిగించాడు. ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. నెట్‌కి తగిలించే ప్రతి యంత్రానికీ ఒక ఐపీ అడ్రస్ ఉంటుంది కదా, ఇంటికి డోర్ నంబర్ ఉన్నట్టు. ఒకే ఇంట్లో వాటన్నిటికీ ముందు అంకెలు ఒకటే, చివరి నంబరు ఒక్కటే వేరు. అందరిళ్లల్లో రూటరే ఎవరికి ఏ నంబరు కావాలో పంచి పెడుతుంది. ఉమామహేశ్వరికి రూటర్ మీద కూడా నమ్మకం లేదు. టీవీకి, ప్రింటర్‌కి, ఆఫీసు లాప్‌టాప్‌కి అన్నిటికీ తన చేతుల మీదుగానే మారని నంబర్లు ఇచ్చుకుంది. కెమెరాకి ఏ నంబరు ఇమ్మంటావని కృష్ణమోహన్ కింది నుంచి కేకేస్తే, "నాకు మీటింగ్ ఉంది, చివర మీకు తోచింది పెట్టేయండి" అని తలుపేసుకుంది.

అదిగో, అప్పటి నుంచి మొదలైంది నెట్ పోవడం.

మామూలుగా పోవడం కాదు. బాగా మాట్లాడుతున్న కాల్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, లోపల మాత్రం ఏమీ కదలదు. ఉమామహేశ్వరి టెర్మినల్ తెరిచి పింగ్ పెడుతుంది. బయటి ప్రపంచం మాట దేవుడెరుగు, పక్క గదిలో ఉన్న రూటర్ కూడా పలకదు. ఇంకాసేపటికి ఏమీ ఎరగనట్టు అంతా తిరిగి వచ్చేస్తుంది. ఇంతలో కాల్‌లో ఉన్నవాళ్లు ఆవిడ లేకుండానే సగం నిర్ణయాలు తీసేసుకుంటారు. టీమ్ లీడ్ రవికుమార్ చాలా మెత్తగా, "ఉమాగారూ, ఇంట్లో నెట్ ప్రాబ్లం అయితే ఆఫీస్‌కి రావచ్చు కదా" అన్నాడు. ఆ మెత్తదనానికి ఆవిడకు ఒళ్లు మండింది.

చేయవలసినవన్నీ చేసింది. లాప్‌టాప్ రీస్టార్ట్ చేసింది. వైఫై డ్రైవర్ తీసి మళ్లీ వేసింది. డీఎన్ఎస్ మార్చింది. వైఫై మానేసి కేబుల్ పెట్టింది. నెట్ కంపెనీ వాళ్లకి ఫోన్ చేస్తే వాళ్లు తమ వైపు అంతా బాగానే ఉందన్నారు. ఆ మాట ఎలాగూ నమ్మలేదనుకోండి. అన్నీ అయ్యాక, ఆఫీసులో అందరినీ అడిగే ప్రశ్న తనకు తానే వేసుకుంది. ఇంట్లో చివరగా మారిందేమిటి?

జవాబు నోట్లోంచి తన్నుకొచ్చింది. బేస్‌మెంట్‌లో అమ్మాయి.

అక్కణ్నుంచి ఆవిడ గమనించడం మొదలుపెట్టింది. గమనించే కొద్దీ గుండె రాయి అయింది. "వెనక గుమ్మం దగ్గర కదలిక" అని ఫోన్ మోగుతుంది. చూస్తే దేదీప్య బ్యాక్‌ప్యాక్ వేసుకుని తాళం తీస్తూ ఉంటుంది. ఆ వెంటనే నెట్ పోతుంది. అమ్మాయి బయటికి వెళ్లేటప్పుడూ అంతే. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ప్రతిసారీ. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? వచ్చీ రాగానే ఏదో మొదలుపెడుతోంది, వెళ్తూ వెళ్తూ ఏదో ఆపుతోంది. రూటర్‌లోకి దూరి తన ఆఫీసు లాప్‌టాప్‌ని తడుముతోందేమో. పైగా ఆ పిల్లదీ లినక్స్ లాప్‌టాపే. మొదటి రోజు అది చూసి ముచ్చటపడిన ఉమామహేశ్వరికి ఇప్పుడు అదే నేరంలా కనిపించింది.

"పాపం, ఆ పిల్లకేం పనమ్మా నీ లాప్‌టాప్‌తో?" అన్నాడు కృష్ణమోహన్.

"పాపం అంటూనే కొంపలు ముంచుకుంటారు మీలాంటి వాళ్లు" అని ఆవిడ ఆయన నోరు మూయించింది.

ఇంకో సంగతి కూడా తోడైంది. ఆవిడ ఆఫీసు గదిలో నేల మీద హీటర్ గాలి వచ్చే జాలీ ఉంది. దాని దగ్గర కూర్చుంటే కింది గదిలో మాటలు లీలగా వినిపిస్తాయి. ఆవిడేమీ వినడానికి కూర్చోలేదు, చలికి కాళ్లు కాచుకుంటోంది అనుకుందాం. కింద ఎవరో మగగొంతు ఇంగ్లీషులో ఇంటర్వ్యూ ప్రశ్నలకు జవాబులు చెబుతోంది. చెప్పిన జవాబే మళ్లీ మళ్లీ చెబుతోంది. కాసేపటికి అవే జవాబులు దేదీప్య గొంతులో.

ఉమామహేశ్వరి కాళ్లు వెనక్కి లాక్కుంది. ప్రాక్సీ. ఒకరి ఇంటర్వ్యూలో ఇంకొకరు చాటు నుంచి జవాబులు అందించే దొంగ వ్యవహారం. మనవాళ్లలో కొందరు ఈ పని చేసి పట్టుబడి, ఎంతమంది మంచివాళ్లకు చెడ్డపేరు తెచ్చిపెట్టారో ఆవిడకు తెలుసు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇప్పుడు తెలుగు పేరు చూస్తేనే కెమెరా అటు తిప్పు, ఇటు తిప్పు అంటున్నారని రవికుమార్ కూడా వాపోయాడు. అలాంటి పని తన ఇంట్లోనా?

బుధవారం సాయంత్రం చెత్త డబ్బా లోపలికి లాగుతుంటే దేదీప్య కారు దిగుతూ కనిపించింది. ఉమామహేశ్వరే మాట కదిపింది.

"కింద ఎవరో అబ్బాయి గొంతు వినిపిస్తోందమ్మా ఈ మధ్య. ఎవరైనా వస్తున్నారా?"

"లేదాంటీ. వినీత్ అని నా క్లాస్‌మేట్. జెర్సీ సిటీల ఉంటడు. కాల్ చేసి మాక్ ఇంటర్వ్యూలు చేపిస్తడు. నేను తప్పు చెప్తే ఎట్ల చెప్పాల్నో చెప్పి చూపిస్తడు." చెబుతూనే ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. ఏడుపో, చలిగాలో. "ఆంటీ, రేపు మధ్యాహ్నం నాకు ఫైనల్ రౌండ్ ఉంది. ఇది గూడ పోతే నా ఓపీటీ టైం అయిపోతది. వాపస్ పోవుడే. పైన మీ నెట్ పోతున్నదంట గద, రేపు ఒక్కరోజు నెట్ మంచిగుంటదా ఆంటీ? బేస్‌మెంట్‌ల నా ఫోన్ సిగ్నల్ రాదు."

రేపు ఒక్కరోజు నెట్ మంచిగుంటదా అని తననే అడుగుతోంది. నెట్ పోగొట్టేదే ఈ పిల్ల అయి ఉండి, ఎంత అమాయకంగా అడుగుతోందో చూడు అనుకుంది ఉమామహేశ్వరి. పైకి మాత్రం, "ఎందుకుండదమ్మా, ఆల్ ది బెస్ట్" అంది. ఇంటర్వ్యూ అట. వినీత్ అట. నిజంగా మాక్ ఇంటర్వ్యూలే అయితే అతను జవాబులు అప్పజెప్పడమెందుకు? ఆ రాత్రి చపాతీలు వత్తుతున్నంతసేపూ ఆవిడ మనసు దీని మీదే తిరిగింది.

గురువారం ఆవిడకూ పెద్ద పనే ఉంది. ఒక పాత సర్వర్‌ని కొత్తదానిలోకి మార్చాలి. రవికుమార్, పైవాళ్లు అందరూ కాల్‌లో ఉన్నారు. ఆవిడ కమాండ్లు కొడుతూ, ఏం చేస్తోందో చెబుతోంది. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. వెనక గుమ్మం దగ్గర కదలిక. దేదీప్య చేతిలో కాఫీ కప్పుతో లోపలికి వస్తోంది. ఇంకేముంది, లాప్‌టాప్ మీద బొమ్మలు బిగుసుకుపోయాయి. కాల్ తెగింది.

ఉమామహేశ్వరి ఒంటికాలి మీద లేచింది. ఇన్నాళ్లూ ఓర్చుకుంది, ఇక చాలు. ఫోన్‌లో రూటర్ యాప్ తెరిచింది. అందులో ఎవరి నెట్ కావాలంటే వాళ్లది ఆపే వీలుంది. పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు వీడియో గేములు ఆపించడానికి వాడేది. దేదీప్య లాప్‌టాప్ ఆపింది. ఆ పిల్ల ఫోన్ కూడా ఆపింది. ఇంటర్వ్యూ సంగతి గుర్తు లేదా అంటే, ఉంది. గుర్తుండే ఆపింది. దొంగ ఇంటర్వ్యూ అయితే ఆగిపోవడమే మంచిది, నిజమైనదైతే పైకొచ్చి అడుగుతుంది కదా అనుకుంది. మనసుకి ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా మనిషి.

కాసేపటికి నెట్ వచ్చింది. చూశారా, అనుకుంది తనలో తానే. కాల్‌లోకి తిరిగి వెళ్లి, క్షమించమని చెప్పి, పని అందుకుంది. కింద జాలీలోంచి ఏ మాటా వినిపించడం లేదు. ఏవో అడుగుల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు. అంతలో మళ్లీ ఫోన్ మోగింది. వెనక గుమ్మం దగ్గర కదలిక.

నెట్ పోయింది.

ఆవిడ చేతులు కీబోర్డ్ మీదే ఆగిపోయాయి. ఇదెలా సాధ్యం? ఆ పిల్లకు నెట్టే లేదు. ఉన్న రెండింటినీ తన చేత్తోనే ఆపింది. నెట్ లేనివాళ్లు నెట్ ఎలా పోగొడతారు? ఇన్నాళ్లూ దొంగ ఎవరో తెలుసని అడగకుండా వదిలేసిన ప్రశ్న ఇప్పుడు అడగక తప్పలేదు. లినక్స్‌లో ఒక చిన్న కమాండ్ ఉంది. నా నంబరు ఈ ఇంట్లో ఇంకెవరైనా వాడుతున్నారా అని అడుగుతుంది. ఆఫీసులో ఎవరైనా ఇదే సమస్య తెస్తే, ఆవిడ కాఫీ తాగుతూ ముందుగా కొట్టించే కమాండే అది. ఇప్పుడు తన కోసం తనే కొట్టింది.

వాడుతున్నారని జవాబు వచ్చింది. ఆవిడ లాప్‌టాప్ నంబరుకి ఇంకో యంత్రం పలుకుతోంది. ఫోన్‌లోని రూటర్ జాబితాలో ఆ యంత్రం పేరు వెతికింది. వెనక గుమ్మం కెమెరా.

"ఏమండీ" అని కేక పెట్టింది. కృష్ణమోహన్ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చాడు. "ఆ కెమెరాకి చివర ఏ నంబరు పెట్టారు?"

"నూట పదహారు. మంచి నంబరు కదా అని" అన్నాడాయన.

పెళ్లి చదివింపులకి నూట పదహారు, గృహప్రవేశానికి నూట పదహారు, పంతులుగారి తాంబూలంలో నూట పదహారు. ఏదైనా మొదలుపెడుతూ ఒక నంబరు వేయమంటే తెలుగువాడి చెయ్యి ఎక్కడికి పోతుంది? ఇల్లు కొత్తలో ఆవిడ ఆఫీసు లాప్‌టాప్‌కి నంబరు ఇచ్చేటప్పుడు ఆవిడ చెయ్యీ అక్కడికే పోయింది. శుభమా అని నూట పదహారు. ఒకే వీధిలో రెండిళ్లకు ఒకే డోర్ నంబరు ఉంటే పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు? కెమెరా నిద్రపోతున్నంతసేపు ఉత్తరాలన్నీ ఆవిడకే వచ్చేవి. దేదీప్య గుమ్మం దాటగానే కెమెరా లేచేది, రూటర్ అటు తిరిగేది. ఆ పిల్ల చేసిన నేరమల్లా తన గదికి తను రావడం, పోవడం.

ఉమామహేశ్వరికి తల కొట్టేసినట్టయింది. మరి ఇప్పుడు కెమెరా ఎందుకు లేచింది? వీడియో తెరిచి చూసింది. దేదీప్య ఒక చేత్తో తెరిచి ఉన్న లాప్‌టాప్, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని, మోచేత్తో తలుపు నెట్టుకుంటూ బయటికి పరుగెత్తుతోంది. ఇంటర్వ్యూకని కుర్తా మీద కోటు వేసుకుంది. కాళ్లకు మాత్రం చెప్పులు లేవు.

ఆవిడ ఇంక ఆగలేదు. ఫోన్ బల్ల మీద పడేసి, నైటీ మీద స్వెటర్ లాక్కుని, మెట్లు దిగి, ముందు తలుపు తీసుకుని వీధిలోకి వచ్చింది. కృష్ణమోహన్ వెనక నుంచి ఏదో అడుగుతున్నాడు, వినిపించుకోలేదు. ఆ పిల్ల ఇంటర్వ్యూ పోకూడదు. ఒక్క మాట చెబితే చాలు, లోపలికి తీసుకొచ్చి తన గదిలో, తన కుర్చీలో కూర్చోబెడుతుంది.

దేదీప్య కారు పోస్ట్ బాక్సుల దగ్గర ఆగి ఉంది. అమ్మాయి డ్రైవర్ సీట్లో కూర్చుంది. లాప్‌టాప్ స్టీరింగ్‌కి ఆనించి ఉంది. ఫోన్ పక్క సీటు మీద ఉంది, దాని నుంచే నెట్ తీసుకుంటోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తెర వైపు మాట్లాడుతూ, మధ్యమధ్య సిగ్నల్ ఉందో లేదోనని ఫోన్ వైపు చూస్తోంది. ఉమామహేశ్వరి పక్క అద్దం దగ్గర వంగి వేళ్లతో తట్టింది.

"నెట్ ఇస్తానమ్మా, లోపలికి రా" అంది గట్టిగా, చేతులతో సైగలు చేస్తూ.

దేదీప్య తల తిప్పి చూసింది. ఆ ముఖంలో రంగు లేదు. వద్దన్నట్టు కొద్దిగా తల ఊపి తెర వైపు తిరిగింది. పెదవులు గబగబా కదులుతున్నాయి. తర్వాత లాప్‌టాప్‌ని రెండు చేతులతో ఎత్తి, మెల్లగా కారంతా చూపించసాగింది. వెనక సీటు. పైకప్పు. పక్క సీటు. చివరికి తెర అద్దం వైపు తిరిగి ఆగింది. అందులో ఇద్దరు మనుషులు ఉమామహేశ్వరిని చూస్తున్నారు. ఏం చేయాలో తోచక ఆవిడ వాళ్లకి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది.

వాళ్లలో ఒకాయన ఏదో అన్నాడు. దేదీప్య తల ఊపింది. తెర నల్లబడింది.

దేదీప్య ఇయర్‌ఫోన్లు తీసి పక్క సీట్లో పెట్టింది. తర్వాత అద్దం దిగింది.

"ఏమైందమ్మా?"

"అయిపోయింది ఆంటీ." గొంతులో ఏడుపు లేదు. అదే ఉమామహేశ్వరిని ఎక్కువ భయపెట్టింది. "ఫోన్ దిక్కు చూస్తున్న కదా, పక్కన ఎవరన్న చెప్తున్నరా అని అడిగిన్రు. కారంతా చూపియ్యమన్నరు. అప్పుడే మీరొచ్చిన్రు. ఎవరామె, ఏం చెప్తున్నది అన్నరు. మా ఓనర్ ఆంటీ, నెట్ గురించి అన్న. థాంక్యూ ఫర్ యువర్ టైమ్ అన్నరు."

"నెట్ ఆపింది నేనేనమ్మా. పొరపాటు పడ్డాను" అంది ఉమామహేశ్వరి.

"తెల్సు ఆంటీ. అడ్మిన్ ఆపిన్రని లాప్‌టాప్ మీద వచ్చింది."

"మరి పైకొచ్చి అడగకపోయావా?"

"మీరు నన్ను ఎట్ల చూస్తున్నరో నాకు కనిపిస్తది కదా. అడిగి, మీకు చెప్పి ఒప్పించేటంత టైం లేకుండె."

ఉమామహేశ్వరి కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఏదో ఒకటి చేయాలి. "వాళ్ల నంబర్ ఇవ్వు. నేను మాట్లాడతాను. ఇంటి ఓనర్నని, నెట్ నేనే ఆపానని, నువ్వు ఏ తప్పూ చేయలేదని చెప్తాను. నా ఆఫీసు ఐడీ చూపిస్తాను. ఎందుకు నమ్మరో చూస్తాను."

దేదీప్య లాప్‌టాప్ మూసింది. ఆవిడ ముఖంలోకి నేరుగా చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"మీరైతే నమ్ముతుండెనా ఆంటీ?"

నమ్మేదాన్నని ఒక అబద్ధం ఆడబోయి, ఉమామహేశ్వరి కారు తలుపు మీంచి చెయ్యి తీసేసింది. పక్కింటి వాళ్లు కుక్కను తీసుకుని నవ్వుతూ వెళ్లారు. ఆవిడ తిరిగి నవ్వలేదు.

దేదీప్య కారు దిగింది. చెప్పుల్లేని కాళ్లతో చల్లటి సిమెంటు మీద నిలబడి, లాప్‌టాప్‌ని గుండెకు హత్తుకుంది.

"వాళ్లకి ఒక మెయిల్ రాస్త ఆంటీ" అంది. "నెట్ ఇస్తరా?"